‘వాళ్లు’ అని రాస్తేనే మార్కులా?

పోయిన వేసవి సెలవుల్లో మా బడిలో చదువుకున్న ఒక అమ్మాయి మమ్మల్ని చూడడానికి వచ్చింది. విశాఖపట్నంలో బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు చదువుతోంది. కొండ మీద ఇరవై గడపల ఊరు ఆమెది. ఆ ఊరి నుంచి డిగ్రీ దాకా వెళ్లిన మొదటి ఆడపిల్ల. చేతిలో అట్ట వేసిన లావుపాటి రికార్డు పుస్తకం ఉంది. కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ అని వాళ్లకొక సబ్జెక్టు. దానికోసం ఊళ్లకు వెళ్లి, ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసి, ఒక కుటుంబాన్ని ఎంచుకుని వాళ్ల ఆరోగ్యం గురించి రాయాలి. అలా రాసిన పుస్తకం అది. "మాస్టారూ, క్లాసులో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి" అంది.

మేము సంతోషంగానే తెరిచాం. గుండ్రటి దస్తూరి. బొమ్మలకు రంగులు దిద్దింది. ఒక పేజీ దగ్గర మాత్రం మా చెయ్యి ఆగిపోయింది. గిరిజన స్త్రీలలో రక్తహీనతకు కారణాలు అనే శీర్షిక కింద ఇంగ్లీషులో వరసగా రాసింది: అజ్ఞానం, మూఢనమ్మకాలు, సారా అలవాటు, అపరిశుభ్రత, ఆసుపత్రికి రావడానికి ఇష్టపడకపోవడం. ఆ కింద ఒక వాక్యం. వాళ్లకు పోషకాహారం విలువ తెలియదు అని.

"వాళ్లు అంటే ఎవరమ్మా?" అని అడిగాం.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత తల వంచుకుని, "అలా రాయకపోతే మార్కులు పడవు మాస్టారూ" అంది.

ఆ అమ్మాయి తల్లి మాకు తెలుసు. నలుగురు పిల్లల్ని కంది. ఒకరు దక్కలేదు. కళ్ల కింద రెప్ప లాగి చూస్తే తెల్లగా ఉంటుంది. సంత రోజున అడ్డాకుల కట్ట నెత్తిన పెట్టుకుని దిగుతుంది, ఉప్పూ కిరసనాయిలూ పట్టుకుని ఎక్కుతుంది. కూతురు రాసిన ‘వాళ్లు’లో ఆ తల్లి ఉంది. మేమూ ఉన్నాం.

ఆ పిల్లను మందలించాలని మాకు నోటి దాకా వచ్చింది. కాని ఏ నోటితో మందలిస్తాం? టీటీసీ చదివే రోజుల్లో మేమూ ఇదే పని చేశాం. గిరిజన విద్యార్థుల వెనుకబాటుకు కారణాలు తెలపండి అని ప్రశ్న వస్తే, తల్లిదండ్రుల నిరక్షరాస్యత, చదువు పట్ల అశ్రద్ధ, వలసలు, మూఢాచారాలు అని నాలుగు అంశాలు రాసి కింద గీత గీసి వచ్చాం. బడిలో మాకు అర్థంకాని భాషలో పాఠం చెప్పారని ఒక్కరమూ రాయలేదు. పంతులు వారానికి ఎన్ని రోజులు కొండెక్కాడో రాయలేదు. మా నాన్నలు మమ్మల్ని భుజాన కూర్చోబెట్టుకుని గెడ్డ దాటించి బడిలో దింపిన సంగతి రాయలేదు. ‘అశ్రద్ధ’ అని రాశాం. పాసయ్యాం. ఉద్యోగాలు వచ్చాయి. ఆ నాలుగు అంశాలే కొన్నాళ్లు పిల్లల తల్లిదండ్రుల ముఖం మీద కూడా అన్నాం. ఆ సిగ్గు మాలో చాలామందికి ఉంది, పైకి చెప్పుకోం.

అందుకే ఈ ప్రశ్నను ఆ పిల్ల ఒక్కదానిదిగా చూడలేకపోతున్నాం. ఇప్పుడు మన పిల్లలు ఆరోగ్యం చదువులకు బాగానే వెళ్తున్నారు. నర్సింగ్, ల్యాబ్, ఫార్మసీ, ప్రజారోగ్యం. సమాజ ఆరోగ్యం మీద డిగ్రీ చదవడమంటే మన ఊరి మీదే చదవడం. లెక్కలు చదివే పిల్లకు ఈ ఇబ్బంది లేదు. త్రిభుజానికి అమ్మా నాన్నా ఉండరు. ఆరోగ్యం చదివే పిల్లకు మాత్రం పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తిప్పగానే తన వాళ్లే రోగంగా కనిపిస్తారు. తన వాళ్లను ‘వాళ్లు’ అని పిలిస్తేనే డిగ్రీ చేతికొస్తుందంటే, ఆ డిగ్రీ తీసుకోవడం న్యాయమేనా? తీసుకోకుండా ఉండడం మాత్రం న్యాయమా?

ఆ సాయంత్రం మేము ఆమెతో చాలాసేపు కూర్చున్నాం. మాకు వైద్యం తెలియదు. ఆమెకు తెలుసు. మేము అడిగాం, ఆమె చెప్పింది. ఒంట్లో ఎర్రకణం మామూలుగా 120 రోజులు బతుకుతుందట. మలేరియా పురుగు ఆ కణంలోనే దూరి, పెరిగి, దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఏటా వానాకాలంలో రెండుసార్లు చలిజ్వరం తిన్న మనిషికి రక్తం ఎక్కడ మిగులుతుంది? కొంకి పురుగు చెప్పుల్లేని పాదంలోంచి ఎక్కి పేగును పట్టుకుని రక్తం తాగుతుంది. వెంటవెంటనే కాన్పులైతే తల్లి ఒంట్లో ఇనుము తిరిగి నిండే సమయం ఉండదు. ఇనుము మాత్ర ఖాళీ కడుపున వేసుకుంటే తిప్పుతుంది, మలం నల్లగా అవుతుంది. అలా అవుతుందని ముందే ఎవరూ చెప్పకపోతే భయపడి మానేస్తారు. చోళ్లూ సామలూ కందులూ పండిన పోడు తగ్గి, కోటా బియ్యం వచ్చాక కంచంలో తెల్లన్నం పెరిగింది, మిగతావి తగ్గాయి. తిన్న వెంటనే టీ తాగితే ఆ కాస్త ఇనుమూ ఒంటికి పట్టదు.

"ఇవన్నీ ఎక్కడ చదివావమ్మా?"

"మా పుస్తకాల్లోనే మాస్టారూ. ఫిజియాలజీలో కొంత, మైక్రోబయాలజీలో కొంత, న్యూట్రిషన్‌లో కొంత."

"మరి గిరిజనుల పేజీలో ఇవి ఎందుకు రాయలేదు?"

ఆమె మా వైపు చూసింది. ఆ ప్రశ్న ఆమెకు అప్పటిదాకా తట్టలేదని ముఖం చెప్పింది.

మాకు తట్టింది ఇదీ. తప్పు సైన్సులో లేదు. సైన్సు మన తల్లిని అవమానించలేదు. మలేరియా పురుగుకు ఆదివాసీ రక్తమూ కలెక్టరు రక్తమూ ఒకటే. పట్నంలో ఒక ఆసామికి గుండెపోటు వస్తే నూనె, ఉప్పు, చక్కెర జబ్బు, పని ఒత్తిడి అని కారణాలు వెతుకుతారు. అతని అజ్ఞానం అని మొదటి అంశంగా రాయరు. మన దగ్గరికి వచ్చేసరికి పురుగులూ కణాలూ దారులూ నీళ్లూ అన్నీ మాయమై మనిషి బుద్ధి ఒక్కటే కారణంగా మిగులుతుంది. ఒకే పుస్తకంలో రెండు కొలతలు ఉన్నాయన్నమాట. సంతలో షావుకారు కొనేటప్పుడు ఒక తూకం, అమ్మేటప్పుడు ఒక తూకం పెట్టినట్టు. సంతలో ఆ మోసం కనిపెట్టడం మన పెద్దలు ఎంతో నష్టపోయాక నేర్చుకున్నారు. పుస్తకంలో మోసం కనిపెట్టడం మన పిల్లలు నేర్చుకోవాలి. దానికి పుస్తకం మూసెయ్యాల్సిన పని లేదు. తక్కిన పేజీల్లో నేర్చుకున్న కొలతనే ఈ పేజీకీ పెట్టి చూడాలి.

‘ఆసుపత్రికి రావడానికి ఇష్టపడరు’ అన్న అంశాన్నే తీసుకుందాం. 2017లో వై.రామవరం మండలంలోని చాపరాయిలో మనుషులు వరసగా చనిపోతుంటే ఆ కబురు బయటికి రావడానికే చాలా ఆలస్యమైంది. దారి లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. అది ఇష్టం లేకపోవడమా? నెలలు నిండిన మనిషిని డోలీలో మోసుకుంటూ వర్షంలో దిగే నలుగురు మగవాళ్లను మనం ఏటా పేపర్లో చూస్తున్నాం. ఇష్టం లేనివాళ్లు అలా మొయ్యరు. ఆమధ్య సాలూరులో ఐటీడీఏ గర్భిణులకు వసతి గృహం పెట్టింది. నొప్పులు రాకముందే కొండ దిగి వచ్చి, తిండీ తిప్పలూ చూసేవాళ్ల మధ్య ఉండి, కాన్పుకు ఆసుపత్రికి వెళ్లవచ్చు. అక్కడ ఎవరో ప్రశ్నను తిప్పి అడిగారు. వీళ్లు ఎందుకు రారు అని కాదు, రావాలంటే ఏం కావాలి అని. సమాజ ఆరోగ్యం అనే చదువు అంతా ఆ ప్రశ్న తిప్పడంలోనే ఉందని మాకు అనిపిస్తుంది.

నిబంధనల్లోనూ ఇలాంటి కొలత ఒకటుంది. మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, కొండ ప్రాంతంలో 3,000 మందికి ఒకటి. పీహెచ్‌సీ అయితే అక్కడ 30,000కు, ఇక్కడ 20,000కు. మనకు కాస్త ఎక్కువే ఇచ్చారు, మంచిదే. కాని లెక్క తలల్లో కట్టారు. మూడు వేల తలలు మైదానంలో ఒక్క ఊళ్లో దొరుకుతాయి. మన దగ్గర ఎన్ని కొండలు ఎక్కి దిగాలో ఏఎన్ఎం కాళ్లను అడగాలి.

ఆ అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. కమ్యూనిటీ బ్యాగు అని వాళ్లకు ఇస్తారు. ఇంటింటికీ వెళ్లేటప్పుడు దాన్ని వాడే పద్ధతి ఉంటుంది. ముందు న్యూస్‌పేపర్ పరచాలి, దాని మీద సంచి పెట్టాలి, సబ్బూ తువ్వాలూ తీసి చేతులు కడుక్కోవాలి, ఆ తర్వాతే లోపలి సామాను ముట్టుకోవాలి. ఒకరి ఇంటి జబ్బు ఇంకొకరి ఇంటికి చేరకుండా పెట్టిన పద్ధతి. చాలా మంచి పద్ధతి. తరగతిలో అందరికన్నా బాగా చేసి చూపించింది. ఒక కొండ ఊరికి పోస్టింగ్ వెళ్లినప్పుడు ఒక ముసలమ్మ ఇంట్లో చేతులు కడుక్కోవాల్సి వచ్చింది. ముసలమ్మ లోపలికెళ్లి కుండెత్తుకొచ్చి ధారగా పోసింది. తోటి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఆరుగురు కడుక్కున్నారు. కుండ సగం అయింది. ఆ కుండ ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడున్న వాళ్లలో ఈ పిల్లకు ఒక్కదానికే తెలుసు. కొండ దిగువన ఊట, ఎక్కితే అరగంట.

"నువ్వేం చేశావు?" అన్నాం.

"నేనూ కడుక్కున్నాను మాస్టారూ. టీచర్ చూస్తున్నారు. తర్వాత బిందె తీసుకుని ఊటకు వెళ్లి తెచ్చి పోశాను. ఆలస్యం చేశానని తిట్టారు."

రికార్డులో ఆ ఇంటి గురించి ‘నీటి వసతి: ఊట, రక్షితం కాదు’ అని ఒక ముక్క ఉంది. బిందె సంగతి లేదు. చేతులు కడగడం తప్పని మేము ఎంతమాత్రం అనం. బడిలో రోజూ మేమూ అదే చెబుతాం. ఆ ఇంటికి నీళ్లు ఎలా వస్తాయో తెలిసిన మనిషి చేతులు కడగమని చెప్పడం వేరు, తెలియని మనిషి చెప్పడం వేరు. మొదటి మనిషి వెళ్లి గ్రావిటీ పైపు కోసం అర్జీ కూడా పెడుతుంది. రెండో మనిషి చార్టు చుట్టుకుని జీపెక్కుతుంది.

ఇక్కడి దాకా చదివిన యువకులు కొందరు ఉత్సాహపడవచ్చు. మనది అంతా మంచిదే, తప్పంతా పైవాళ్లదే అని. ఆ మాట మేము అనడం లేదు. అంటే మా పిల్లలకే అన్యాయం చేసినవాళ్లమవుతాం.

మన మన్యంలో చిల్లంగి అనే మాట ఎంత పని చేసిందో మనందరికీ తెలుసు. పిల్లవాడికి జ్వరం వచ్చి, ఫిట్స్ వచ్చి, రెండో రోజు పోతాడు. మెదడుకెక్కిన మలేరియా. ఇంటివాళ్లకు అది తెలియదు. దుఃఖానికి ఒక ముఖం కావాలి. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె మీదికి వేళ్లు వెళ్తాయి. ఆ తర్వాత ఏం జరుగుతుందో రాయడానికి చెయ్యి రాదు, జరిగిన ఊళ్లు ఉన్నాయి. దీన్ని సంస్కృతి అని మేము వెనకేసుకురాలేం. పాము కరిస్తే మంత్రం కోసం రాత్రంతా కూర్చోబెట్టడాన్నీ, పుట్టిన బిడ్డకు ముర్రుపాలు పిండి పారబోయడాన్నీ వెనకేసుకురాలేం. అడవిలో వేర్లూ ఆకులూ తెలిసిన మన పెద్దల మీద మాకు గౌరవం ఉంది. ఆ పెద్దలు కూడా పనిచేయని ఆకును పారేశారు కనుకనే పనిచేసే ఆకు మనదాకా వచ్చింది.

మరి ‘మూఢనమ్మకాలు’ అని ఆ పిల్ల రాసినదీ ఇదేగా, తేడా ఏమిటి? తేడా ఉంది. రికార్డులో ఆ మాట రాస్తే మార్కు పడుతుంది, ముసలామె బతకదు. పిల్లవాడు పోయిన ఇంటి అరుగు మీద ఆ రాత్రే కూర్చుని, కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో, ఇది దోమ వల్ల వచ్చింది, నేను రక్తంలో చూశాను, ఆమె వల్ల కాదు అని చెప్పగలిగితే ముసలామె బతుకుతుంది. ఆ మాట వినాలంటే చెప్పేది ఆ ఇంట్లో అంబలి తాగిన మనిషి అయి ఉండాలి. చెప్పేదానికి చదువూ కావాలి. రెండూ ఉన్న మనిషి మన ఊళ్లలో ఎంతమంది? అందుకే ఆ పిల్ల డిగ్రీ పూర్తి చెయ్యాలని మేము అంటున్నాం. ‘వాళ్లు’ అని రాయాల్సి వచ్చినా సరే పూర్తి చెయ్యమని. ఈ మాట అనడం మాకు తేలిక కాలేదు. ఒక అబద్ధపు వాక్యం రాసి వెయ్యి నిజాలు నేర్చుకునే హక్కు తెచ్చుకోవడం తప్పా అంటే, తప్పే, చిన్న తప్పు. అది చిన్నది కాకుండా పోయే రోజొకటి ఉంటుంది. పరీక్ష కోసం రాసిన మాటను మనసులో నమ్మడం మొదలుపెట్టిన రోజు. మాలో కొందరికి ఆ రోజు వచ్చి వెళ్లింది. మళ్లీ బయటపడ్డాం.

సికిల్ సెల్ విషయం కూడా చెప్పుకోవాలి. మన ఊళ్లకు పరీక్షల బృందాలు వస్తున్నాయి. 2023 జూలైలో కేంద్రం మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ఈ జబ్బు నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. 2047 నాటికి లేకుండా చెయ్యాలని లక్ష్యం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి దోషమున్న జన్యువు వస్తే బిడ్డకు జబ్బు. ఎర్రకణం కొడవలిలా వంగి 10, 20 రోజులకే చనిపోతుంది. ఒకరి నుంచే వస్తే జబ్బు ఉండదు, పిల్లలకు మోసుకెళ్తారు, అంతే. అలా మోసేవాళ్లను మలేరియా చంపడం తక్కువని ఆలిసన్ అనే శాస్త్రవేత్త 1954లో ఆఫ్రికాలో గమనించి రాశాడు. అంటే ఇది మన రక్తంలో ఉన్న మచ్చ కాదు. మలేరియా అడవుల్లో మన ముత్తాతలు బతికి బట్టకట్టడానికి ఒంట్లో ఏర్పడిన కవచం. ఒకటుంటే కవచం, రెండుంటే కొడవలి. ఈ రెండో సగం చెప్పి మొదటి సగం చెప్పకపోతే ఏమవుతుంది? పెళ్లిచూపుల్లో ‘ఆ పిల్ల రక్తం మంచిది కాదు’ అన్న మాట పుడుతుంది. ఆ మాట అబ్బాయి గురించి తక్కువగా వస్తుంది, అమ్మాయి గురించే వస్తుంది. అందుకే రక్తం తీసే అర్హత చదువు ఇస్తుంది సరే, ఆ ఫలితం ఎవరిది అన్న ప్రశ్న కూడా అదే చదువులో ఉండాలి. మా బడిలోనే ఒకసారి పిల్లల వేళ్లు గుచ్చి రక్తం తీసుకెళ్లారు. ఎవరికి ఏముందో ఏడాది గడిచినా పిల్లలకు చెప్పలేదు, మాకు చెప్పలేదు. లెక్క మాత్రం పైకి వెళ్లే ఉంటుంది. పిల్లల్ని వరసలో నిలబెట్టింది మేమే. అడగనిది కూడా మేమే.

ఇంకో పాత తగాదా ఉంది. పల్లెలకు, కొండలకు పూర్తి డాక్టర్లు రారు కాబట్టి మూడేళ్ల చదువుతో వేరే వైద్యులను తయారు చెయ్యాలా, వద్దా? 1946లో భోర్ కమిటీ ఒకే రకం డాక్టరు ఉండాలంది, పాత లైసెన్షియేట్ కోర్సులు ఆపమంది. కమిటీలోనే కొందరు సభ్యులు ఒప్పుకోలేదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడ్డాక 2001లో మూడేళ్ల వైద్య కోర్సు పెట్టారు. గొడవల మధ్య అది ఆగిపోయింది. అందులో చదివినవాళ్లు మాత్రం గ్రామీణ వైద్య సహాయకులుగా మారుమూల కేంద్రాల్లో పనిచేశారు. 2013 నవంబరులో కేంద్ర మంత్రివర్గం బీఎస్సీ కమ్యూనిటీ హెల్త్ అనే డిగ్రీకి ఆమోదం తెలిపింది. డాక్టర్ల సంఘాలు వద్దన్నాయి. పల్లెవాళ్లకు సగం డాక్టరా అని వాళ్ల వాదన. ఇప్పుడు ఉపకేంద్రాల్లో నర్సింగ్ డిగ్రీ ఉన్నవాళ్లనే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా పెడుతున్నారు.

సగం డాక్టరు అన్న మాట విన్నప్పుడు మాకూ మొదట కోపం వచ్చింది. మనం సగం మనుషులమా? తర్వాత ఆలోచించాం. ఆ మాట అన్నవాళ్లలో ఎంతమంది మన పీహెచ్‌సీలో ఒక వానాకాలం గడిపారు? పూర్తి డాక్టరు కాగితం మీద ఉండి కుర్చీ ఖాళీగా ఉంటే అది సున్నా డాక్టరు. కాని ఇందులో ఒక ఉచ్చు కూడా ఉంది. మూడేళ్ల మనిషిని ఇచ్చాం కదా అని పెద్దాసుపత్రి, అంబులెన్సు, రోడ్డు, పెద్ద డాక్టరు పోస్టు ఎగ్గొడితే ఆ డిగ్రీ మనల్ని మోసం చెయ్యడానికి వాడిన కాగితమవుతుంది. మన పిల్లలు సమాజ ఆరోగ్యం చదవాలి. మన పిల్లలు ఎంబీబీఎస్ కూడా చదవాలి. ఒకటి ఇచ్చి రెండోది మరిచిపొమ్మంటే ఒప్పుకోకూడదు. ఇది మా అభిప్రాయం. మాలోనే ఒప్పుకోని టీచర్లు ఉన్నారు.

చివరికి ఆ అమ్మాయిని మేము అడగాల్సిన ప్రశ్న అడిగాం. "చదువయ్యాక మన కొండకు వస్తావా తల్లీ?"

అడిగాక మాకే ఇబ్బంది అనిపించింది. మా బడిలో చదివి ఇంజనీరింగ్‌కు వెళ్లి హైదరాబాదులో స్థిరపడిన అబ్బాయిని మేము ఈ మాట ఎన్నడూ అడగలేదు. అతని ఫొటో బడి గోడకు పెట్టాం. సేవ అనే బరువును ఆడపిల్ల నెత్తిన, అందులోనూ నర్సు చదువు చదివే ఆడపిల్ల నెత్తిన మాత్రమే ఎందుకు పెడుతున్నాం? వాళ్లమ్మ ఎలాగూ జీవితమంతా మోసింది. ఆ పిల్ల సముద్రం కనిపించే గదిలో ఉండాలనుకుంటే, దుబాయి ఆసుపత్రిలో పనిచేసి తమ్ముణ్ని చదివించాలనుకుంటే, తప్పని ఎలా అంటాం? ఊరు ఆమెకు అప్పు ఇచ్చి చదివించలేదు. ఊరి దగ్గర ఇవ్వడానికి ఏముంది?

మరి ఏమీ బాకీ లేదా? ఉందనే అనుకుంటున్నాం. డబ్బు బాకీ కాదు. ఆ రికార్డు పుస్తకం నిండా ఉన్నది ఊళ్లవాళ్ల జబ్బులు, ఊళ్లవాళ్ల నీళ్లు, ఆ ముసలమ్మ కుండ. వాళ్ల ఇళ్లలోకి రానిచ్చారు, అడిగిన దానికల్లా చెప్పారు, ఆ చెప్పినదానితో ఆమె మార్కులు తెచ్చుకుంది. తీసుకున్నదానికి జవాబు చెప్పాల్సిన బాకీ అది. ఆ బాకీ ఆదివాసీ పిల్లకు ఎంతుందో పక్కన కూర్చుని చేతులు కడుక్కున్న మైదానం పిల్లలకూ అంతే ఉంది. మన పిల్లకు ఎక్కువ బాకీ అనడం అన్యాయం. ఎక్కువ శక్తి ఉంది అనడం నిజం.

తిరిగి రావాలనుకున్నా చోటుండాలి కదా. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3 వల్ల షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే దక్కాయి. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వంద శాతం ఎవరికీ ఇవ్వరాదంది. కోర్టు లెక్క కోర్టుది. మా తరగతి గదిలో ఒకటో తరగతి పిల్లవాడు కడుపునొప్పి అని తన భాషలో ఏడిస్తే అర్థమయ్యే టీచరు ఉండడం హక్కా, సౌకర్యమా? ఆసుపత్రిలో ఈ ప్రశ్నకు ఇంకా బరువుంటుంది. నొప్పి ఎక్కడో చెప్పుకోలేని మనిషికి ఎంత మంచి మందున్నా ఏం లాభం? 1978లో సోవియట్ దేశంలోని ఆల్మా-ఆటాలో ప్రపంచంలోని చాలా దేశాలు కూడి ప్రాథమిక ఆరోగ్యం మీద ఒక ప్రకటన చేశాయి. తమ ఆరోగ్య సేవలు ఎలా ఉండాలో అనుకోవడంలో, నడపడంలో పాలుపంచుకోవడం ప్రజల హక్కు, బాధ్యత అని అందులో ఉంది. మనవాళ్లు ఆ కుర్చీల్లో కూర్చోకుండా ఆ పాలు పంచుకోవడం ఎలాగో మాకు తెలియడం లేదు.

మేము చిన్న తరగతుల్లో లేఖ రాయడం నేర్పేవాళ్లం. ఇప్పుడు ఫోన్లు వచ్చి ఆ పాఠం వెనకబడింది. ‘ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాము’ అని మొదలుపెట్టించేవాళ్లం. హాస్టల్లో ఒంటరిగా ఉన్న పిల్లవాడు కూడా ‘నేను క్షేమం’ అని రాసేవాడు కాదు, ‘ఇక్కడ అందరం క్షేమం’ అనే రాసేవాడు. వెల్‌నెస్ అని ఆ అమ్మాయి పుస్తకంలో పదే పదే వస్తుంటే మాకు ఆ ఉత్తరాలు గుర్తొచ్చాయి. తెలుగులో అదృష్టవశాత్తు ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ఆ అమ్మాయి రికార్డు ఇంగ్లీషులో రాసింది. అక్కడ ఈ తేడా చూపించే వీలు కూడా లేదు, పాపం.

సెలవులయ్యాక వెళ్తూ మళ్లీ వచ్చింది. రికార్డు తెచ్చింది. రక్తహీనత పేజీలో సిరాతో రాసినది అలాగే ఉంది, దిద్దలేదు. పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో సన్నగా రాసుకుంది. మలేరియా ఎన్నిసార్లు? కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎన్ని నెలలు? మాత్రల గురించి ముందు చెప్పారా? నీళ్లు ఎంత దూరం? చివర, అమ్మను అడగాలి అని.

"ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఈ పుస్తకం చూస్తారు మాస్టారూ. పెన్సిల్‌ది చెరిపెయ్యనా?" అంది.

మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. చెరపమని అనలేదు, ఉంచమనీ అనలేదు. మార్కులు పోతే మేము ఇవ్వలేం కదా. బస్సు వచ్చింది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది.